రిటైరవుతున్న పోలీసు కుక్కని సిరోంచ దగ్గరి పల్లెకి తెచ్చుకోవాలంటే

అడిగింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో పోలీసు డాగ్ హ్యాండ్లర్. అతని చేతిలో ఉన్న లాబ్రడార్ మగది, తొమ్మిదేళ్లది, 34 కిలోలు, పేలుడు పదార్థాల వాసన పట్టేది. ఈ ఏడు దాన్ని డ్యూటీ నుంచి తీసేస్తున్నారు. తమ్ముడికి బదిలీ ఎప్పుడైనా రావచ్చు, క్వార్టర్‌లో ఉంచుకునే వీల్లేదు. సిరోంచ దగ్గర పల్లెలో అమ్మానాన్న, ఇద్దరు చిన్నపిల్లలు, మేకలు, కోళ్లు ఉన్న ఇంట్లో పెట్టుకోవచ్చా అని అన్నగారి ప్రశ్న.

పెట్టుకోవచ్చు. పేలుడు పదార్థాలు వెతికే లాబ్రడార్లు మనుషుల గుంపుల్లో, బస్టాండ్లలో, సభల్లో పనిచేసినవి కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఇమిడిపోతాయి. అదే కరవడానికి శిక్షణ పొందిన బెల్జియన్ మాలినోయ్ జాతి కుక్క అయితే, చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు అనే నా సలహా. దానికి ఆరడుగుల కాంపౌండ్, రోజంతా ఇంట్లో ఉండే ఒక గట్టి మనిషి కావాలి.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. మామూలుగా పశువైద్యాధికారి కుక్క డ్యూటీకి పనికిరాదని రాసిస్తారు, పై అధికారుల ఉత్తర్వు వస్తుంది, ఆ తర్వాత దత్తతకి ఇస్తారు. అడిగితే చాలాచోట్ల హ్యాండ్లర్‌కే మొదటి అవకాశం. కాబట్టి దరఖాస్తు మీ పేరున కాకుండా తమ్ముడి పేరునే, స్క్వాడ్ ఇన్‌చార్జ్ ద్వారా ఎస్పీ ఆఫీసుకి వెళ్లాలి. ఉత్తర్వు వచ్చాక కదిలితే ఆలస్యం, మెడికల్ రిపోర్టు రాసే దశలోనే పెట్టండి. కుక్క ఉండే చోటు మీ ఇల్లని అందులో రాయండి, లేకపోతే రేపు తమ్ముడు బదిలీ అయినప్పుడు పేచీ వస్తుంది. కుక్కని అమ్మనని, దానితో పిల్లల్ని పెట్టించనని, ప్రైవేటు కాపలాకి వాడనని హామీపత్రం అడగొచ్చు. తీసుకోవాల్సినవి: ఉత్తర్వు నకలు, టీకాల కార్డు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని నంబరు, జబ్బుల రిజిస్టర్‌లో ఆ కుక్క పేజీలన్నీ. రిజిస్టర్ బయటికి ఇవ్వకపోతే ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

రిజిస్టర్‌లో లేనిది తమ్ముడి తలలో ఉంటుంది, ఇలాంటి కేసుల్లో ఎక్కువగా పోగొట్టుకునేది దాన్నే. అతను పక్కన కూర్చుని చెబుతుంటే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏ మాటకి ఏం చేస్తుంది, దానితోపాటు చేతి సైగ ఏది. బంతి నోట్లోంచి వదలాలంటే ఏ మాట. ఏ కాలు ముందు బరువు తప్పిస్తుంది. ఎక్కడ చెయ్యి వేస్తే గుర్రుమంటుంది (చాలావాటికి చెవుల లోపల, తోక మొదట్లో). ఏ ఇంజెక్షన్ పడలేదు. హెలికాప్టర్, ట్రాక్టర్, ఉరుము, వీటిలో దేనికి బెదురుతుంది. మలం మామూలుగా ఎలా ఉంటుంది, రోజుకి ఎన్నిసార్లు. నీళ్లు ఎంత తాగుతుంది. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ కిడ్నీ, షుగర్ జబ్బులు మొదట బయటపడేది నీళ్ల గిన్నె దగ్గరే. 30 కిలోల కుక్కకి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు మామూలు. చలికాలంలో కూడా మూడు లీటర్లు దాటుతుంటే రక్తపరీక్ష చేయించాలి.

ఇంత వివరం ఎందుకంటే, డ్యూటీ కుక్క నొప్పిని బయటపెట్టదు. బంతి కోసం, హ్యాండ్లర్ మెప్పు కోసం కుంటుకుంటూ కూడా పరిగెత్తేలా ఎంపిక చేసి పెంచిన జాతి అది. ఊరకుక్క నొప్పిపెడితే మూలకి పోయి పడుకుంటుంది, ఇది బంతి చూపిస్తే లేచి నిలబడుతుంది. అందుకని హుషారుగా ఉందిలే అని ఊరుకోకండి. ఉదయం లేవడానికి ఎంతసేపు పడుతోంది, మెట్టు ఎక్కేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా వేస్తోందా, కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకి జారుతోందా, నిద్రలో నిమిషానికి ఎన్ని శ్వాసలు అన్నవి చూడండి. నిద్రలో శ్వాసలు 30 లోపు ఉండాలి. చల్లని గదిలో పడుకుని కూడా 40 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి.

మొదటి నెల

అప్పగించే రోజు తమ్ముడు రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండాలి. మొదటి రోజు తిండి, నడక అతనే చూసుకోవాలి, మీరు పక్కన ఉండండి. రెండో రోజు మీరు చూసుకోండి, అతను పక్కన ఉంటాడు. ఉతకని పాత బనియన్ ఒకటి పడక మీద వదిలి వెళ్లమనండి. పోలీసు గుర్తున్న జాకెట్, పట్టీ యూనిట్‌కే తిరిగి ఇచ్చేయండి. అవి చూస్తే కుక్క డ్యూటీ అనుకుని లేస్తుంది. పైగా నక్సల్స్ అలికిడి చూసిన మన దిక్కున ఫలానా ఇంట్లో పోలీసు కుక్క ఉందని ఊరంతా చాటడం, యూనిఫాం ఫోటోలు ఫోన్లలో తిప్పడం మంచిది కాదు.

కెన్నెల్‌లో అంటే యూనిట్‌లోని కుక్కల గదుల్లో, టైము ప్రకారం బతికిన ప్రాణి. తెల్లవారుజామున ఐదింటికి లేచి తలుపు దగ్గర నిలబడుతుంది, జీపు చప్పుడైతే మొరుగుతుంది, ఎవరూ రాకపోతే గుండ్రంగా తిరుగుతుంది, కొన్ని ముంజేతిని నాకి నాకి పుండు చేసుకుంటాయి. దీనికి ముద్దు, బిస్కెట్లు మందు కాదు. లేవడం, నడక, తిండి, పడక అవే వేళల్లో కనీసం ఆరు వారాలు జరగాలి. ఆజ్ఞలు కూడా అదే మాటల్లో ఇవ్వాలి. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా పిలిస్తే ఎవరి మాటా వినదు. నోట్‌బుక్‌లోని పది మాటలు కాగితం మీద రాసి గోడకి అంటించండి.

మేకలు, కోళ్ల దగ్గరికి మొదటి మూడు వారాలు లీష్ (చేత్తో పట్టుకునే తాడు) లేకుండా వదలొద్దు. దూరం నుంచి చూపించండి, మీ వైపు తల తిప్పగానే చిన్న ముక్క పెట్టండి, రోజూ రెండడుగులు దగ్గరికి జరగండి. పిల్లలకి మూడు నియమాలు చాలు: తింటుంటే దగ్గరికి పోవద్దు, నిద్రపోతుంటే ముట్టుకోవద్దు, నోట్లో బంతి ఉంటే లాగొద్దు. చివరిదే ముఖ్యం. ఈ కుక్కకి బంతి అంటే జీతం లాంటిది. ఆడుకున్నాక బంతి పెద్దవాళ్లే తీసి, అందనంత ఎత్తులో పెట్టాలి.

ముక్కుకి పని

పేలుడు పదార్థాల కుక్కకి నేర్పింది ఒకటే: వాసన దొరికితే మొరగకుండా, ముట్టుకోకుండా, దాని ముందు కూర్చుని చూస్తూ ఉండాలి. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోదు. ఎరువుల బస్తా ముందు, బావి తవ్వకానికి వాడే మందుగుండు దాచిన కొట్టం ముందు, దీపావళి తర్వాత చెత్తకుప్ప ముందు కూర్చోవచ్చు. నైట్రేట్ ఉన్న ఎరువులూ, టపాకాయల మందూ దానికి తెలిసిన వాసనలకి దగ్గరివే. అప్పుడు తిట్టొద్దు, మెచ్చుకోవద్దు. పిలిచి, వేరే చోటుకి తీసుకెళ్లి, అక్కడ చిన్న పని చెప్పి బంతి ఇవ్వండి. కానీ దారి పక్కన, కల్వర్టు దగ్గర, ఎవరిదో తెలియని సంచి ముందు కూర్చుంటే తేలిగ్గా తీసుకోకండి. వెంటనే కుక్కని వెనక్కి లాక్కుని, వచ్చిన అడుగుల్లోనే వెనుదిరిగి 112కి ఫోన్ చేయండి. అది నిజమా కాదా తేల్చాల్సింది మీరు కాదు. దొంగతనం జరిగింది, మీ కుక్కతో పట్టించండి అని ఊళ్లోవాళ్లు అడుగుతారు. ఒప్పుకోవద్దు. ఇది ట్రాకర్ కుక్క (మనిషి వాసన పట్టి వెంబడించేది) కాదు, ట్రాకర్ అయినా రిటైరయ్యాక అది చూపించినదానికి విలువ లేదు, మధ్యలో మీకు ఊళ్లో వైరాలు మిగులుతాయి.

రోజుకి రెండుసార్లు పది పది నిమిషాలు వెతుకులాట పెడితే సగం గోల తగ్గుతుంది. నాలుగు ఖాళీ అట్టపెట్టెలు తీసుకోండి. లవంగాలు నాలుగైదు నలగ్గొట్టి గుడ్డముక్కలో కట్టి, మూతకి చిల్లులున్న చిన్న డబ్బాలో పెట్టండి. మొదటి మూడు రోజులు డబ్బా వాసన చూడగానే బంతి ఇవ్వండి. నాలుగో రోజు నుంచి డబ్బాని ఒక పెట్టెలో దాచండి. కనుక్కుని కూర్చోగానే బంతి. తర్వాత వరండా, పశువుల కొట్టం, చేను గట్టు. ఎండకాలంలో ఇంట్లోనే. టపాకాయల మందు, అగ్గిపుల్లల మందుతో ఈ ఆట ఆడొద్దు, పాత పాఠం మళ్లీ తిరగదోడినట్టవుతుంది. ఆట మధ్యలో నాలుక బాగా పొడుగై చివర వెడల్పుగా పారలా అయితే ఆపేయండి, ఒళ్లు వేడెక్కినట్టు లెక్క.

తిండి

34 కిలోలు దానికి ఎక్కువ కావచ్చు. మగ లాబ్రడార్ 30 నుంచి 36 దాకా ఉండొచ్చు, చిన్న ఎముకలదైతే 30 దగ్గర ఉండాలి. పక్కటెముకల మీద చేత్తో నిమిరితే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కనబడకూడదు. డ్యూటీలో ఉన్నప్పుడు పెట్టినంతే ఇంట్లోనూ పెడితే ఆరు నెలల్లో నడుములు పోతాయి.

లెక్క ఇలా కట్టండి. 30 కిలోల కుక్క ఊరికే పడుకుని బతకడానికి సుమారు 900 కిలోక్యాలరీలు కావాలి. ఇంట్లో ఉండే పెద్ద వయసు కుక్కకి 1,050 నుంచి 1,100 దాకా సరిపోతాయి. 34 నుంచి 30కి దిగేదాకా 900 దగ్గర ఉంచండి, నెలకి కిలోన్నర కన్నా వేగంగా తగ్గించొద్దు. ప్యాకెట్ ఫుడ్ అయితే వంద గ్రాములకి 350 దాకా ఉంటాయి, కాబట్టి బరువు తగ్గేదాకా రోజుకి 250 గ్రాములు, తర్వాత 300. గిన్నెతో కొలవొద్దు, కొట్టు తక్కెడతో తూచండి.

ఇంటి తిండి అయితే రోజుకి: పచ్చి బోన్‌లెస్ చికెన్ 320 గ్రాములు, బియ్యం 120 గ్రాములు (బరువు తగ్గేదాకా 80), ఉడికిన గుడ్డు ఒకటి, గుమ్మడి లేదా బీన్స్ 100 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, నూనె ఒక టీ స్పూన్. అన్నీ ఉప్పు, కారం లేకుండా ఉడికించాలి. చికెన్ నెలకి దాదాపు పది కిలోలు, ఖర్చు ముందే చూసుకోండి. ఎముక లేని మాంసంలో కాల్షియం చాలదు, గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా దంచి రోజుకి అర టీ స్పూన్ కలపండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగాకే. జింక్, అయోడిన్ లాంటివి ఈ తిండిలో ఇంకా తక్కువే, వాటికి సప్లిమెంట్ పొడి రాయించుకోండి. అది కుదరకపోతే సగం ప్యాకెట్ ఫుడ్, సగం ఇంటి తిండి పెట్టండి. యూనిట్‌లో పెట్టే తిండి నుంచి పది రోజుల్లో మెల్లగా మార్చండి, ఒక్కసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు. ఉడికిన మటన్, కోడి ఎముకలు అసలే వద్దు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు నానబెట్టి పులియబెట్టే చోట్లకి వెళ్లనివ్వొద్దు. ఆ పులుపు నీళ్లు, పిప్పి తాగితే కుక్క ఒళ్లు చల్లబడి స్పృహ తప్పుతుంది.

రోజుకి ఒక్కపూట కడుపునిండా పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి, తిన్నాక రెండు గంటలు పరుగులు వద్దు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలిపడుతుంది. పొట్ట డప్పులా బిగుసుకుని, వాంతికి డోకు వస్తూ ఏమీ పడకపోతే అదే. దానికి ఆపరేషన్ తప్ప మందు లేదు, గంటల్లో ప్రాణం పోతుంది.

ఎండ

చంద్రపూర్, గడ్చిరోలి మే నెల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, 46, 47 డిగ్రీలు చూసిన చోటు. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు. గుండు గీయించొద్దు, పై పొర ఎండని ఆపుతుంది. లోపలి పొరని వారానికి రెండుసార్లు దువ్వి తీసేయండి. మార్చి నుంచి జూన్ దాకా నడక తెల్లారకముందే, మళ్లీ చీకటి పడ్డాకే. తారు రోడ్డు మీద అరచెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలు కాలతాయి. మధ్యాహ్నం రేకుల కొట్టంలో కట్టేయడమంటే పొయ్యిలో పెట్టడమే. పెంకుటింట్లో, నేల తడిపి, ఫ్యాను వేసిన గదిలో ఉంచండి.

ముసలి లాబ్రడార్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది గొంతు. స్వరపేటిక తెరుచుకునే నరాలు వయసుతో బలహీనపడతాయి. మొరుగు బొంగురుపోతుంది, గాలి పీల్చేటప్పుడు గరగరమని రంపం లాంటి శబ్దం వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది, వెనక కాళ్లు సన్నబడతాయి. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది రొప్పడంతోనే, ఆ దారే సన్నబడితే మనకి మామూలు అనిపించే 38 డిగ్రీల రోజున కూడా వడదెబ్బ తగులుతుంది. ఈ గుర్తులు మొదలైతే మెడకి పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, వేసవి వచ్చేలోపు డాక్టర్‌కి చూపించండి.

వడదెబ్బ తగిలితే తూలుతుంది, చిగుళ్లు ఎర్రగా అవుతాయి, చొంగ జిగటగా కారుతుంది. ముందు చల్లబరచండి, తర్వాతే బండి ఎక్కించండి. నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల కింద నీళ్లు పోస్తూ ఫ్యాను తిప్పండి. తడి గుడ్డ కప్పి వదిలేయడం అందరూ చేసే పొరపాటు, కాసేపటికి ఆ గుడ్డే వేడెక్కి ఒంటి వేడి బయటికి పోనివ్వదు. థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడండి. మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటితే ప్రమాదం. 103కి దిగగానే నీళ్లు పోయడం ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కిడ్నీ దెబ్బ మర్నాడు బయటపడుతుంది.

పిడుదులు, కీళ్లు, మందులు

మేకలు, పశువులున్న ఇల్లు కాబట్టి పిడుదులు తప్పవు. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం సందుల్లో గుడ్లు పెడుతుంటాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టండి. కుక్కకి బరువు ప్రకారం నెలకో, మూడు నెలలకో వేసే పిడుదుల మాత్ర రాయించుకోండి, పూర్వం ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అన్నది డాక్టర్‌కి ముందే చెప్పాలి. పశువులకి కొట్టే మందు అంచనాగా నీళ్లలో కలిపి పూయడం వల్ల కుక్కలు పోతాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష చేయించండి. ఎర్లీషియా (పిడుదుల నుంచి వచ్చే జ్వరం, టిక్ ఫీవర్) అని తేలితే డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు రాస్తారు. నాలుగో రోజుకే లేచి తిరుగుతుందని మానేస్తే కొన్ని నెలలకి ఎముక మజ్జ దెబ్బతిని తిరగబెడుతుంది. మాత్ర తిండితోనే వేసి వెంట నీళ్లు తాగించండి, ఉట్టిగా వేస్తే గొంతులో అతుక్కుని పుండవుతుంది.

కీళ్ల నొప్పికి ఇంట్లో చేయాల్సింది నేల చూసుకోవడం. నున్నటి టైల్స్, పాలిష్ బండల మీద ముసలి కుక్క కాళ్లు జారి తుంటి పట్టుకుంటుంది. అది నడిచే దారంతా రబ్బరు మ్యాట్ పరవండి. పడక నాలుగంగుళాల మందం ఉండాలి, లేకపోతే మోచేతుల మీద కాయలు కాసి పగులుతాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. రాబందులు చచ్చిపోతున్నాయని పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ని మన దేశం 2006లో నిషేధించింది. మనుషుల మందుల షాపులో మాత్రం ఇంకా దొరుకుతుంది, అదే చిక్కు. ఆ మాత్ర కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని తినేస్తుంది. ఒకే కాలు కుంటుతూ, ఎముక మీద గట్టి వాపు పెరుగుతుంటే కీళ్లవాతం అనుకుని కూర్చోకుండా ఎక్స్‌రే తీయించండి. 1993 పేలుళ్ల తర్వాత ముంబయి పోలీసుల్లో పేరు తెచ్చుకున్న జంజీర్ కూడా లాబ్రడారే. అది 2000లో పోయింది ఎముక క్యాన్సర్‌తో.

రేబిస్ టీకా ఏటా. మిగతా జబ్బుల టీకా లెప్టోస్పైరా (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు) కలిసి ఉన్నది తీసుకుని, వానలకి ముందే మే నెలలో వేయించండి. ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం పరీక్ష. పళ్లు కూడా చూపించండి. కెన్నెల్ ఊచలు కొరికిన కుక్కల కోరపళ్లు వెనక వైపు అరిగి, ఒకరోజు విరుగుతాయి.

ఊరు, ఆసుపత్రి

ఊళ్లో విడిచిపెట్టి తిప్పడం కుదరదు. అడవి పందుల కోసం ఎరలో చుట్టి పెట్టే నాటు బాంబులు, చేల చుట్టూ లాగే కరెంటు తీగలు, పత్తి చేల పురుగుమందులు, ఈ మూడూ మన అడవి పల్లెల్లో కుక్కల్ని చంపుతున్నాయి. దొరికింది నోట్లో పెట్టుకునే లాబ్రడార్ అయితే మరీ. రెండు మీటర్ల లీష్ మీదే నడిపించండి.

గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాట. అక్కడికన్నా ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల దగ్గర. పెద్ద సమస్య అయితే కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా వరంగల్ మామునూరు వెటర్నరీ కాలేజీ, లేదా నాగపూర్ వెటర్నరీ కాలేజీ. రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఎక్స్‌రే ఎక్కడుందో కుక్క రాకముందే కనుక్కుని పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో గోదావరి, ప్రాణహిత పొంగితే దారులు మూసుకుపోతాయి కాబట్టి రోజువారీ మందులు, ప్యాకెట్ ఫుడ్ నెలకి సరిపడా ఇంట్లో ఉండాలి.

తమ్ముడు చూడటానికి రావడం గురించి రకరకాలుగా చెబుతారు. కుక్క మర్చిపోవాలి, రావొద్దు అనేవాళ్లున్నారు. అది మర్చిపోదు, ఆ ఆశ పెట్టుకోకండి. మొదటి మూడు వారాలు ఆగి, ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా రావచ్చు. యూనిఫాంలో, పోలీసు బండిలో మాత్రం రాకూడదు, వెళ్లేటప్పుడు డ్యూటీ లీష్ చేత్తో పట్టుకోకూడదు. వెళ్లిపోయాక ఒకరోజు తిండి తగ్గినా కంగారు పడొద్దు, రెండు రోజులు దాటితే మాత్రం జ్వరం చూడండి, బెంగ అనుకుని టిక్ ఫీవర్‌ని వదిలేసేది ఇక్కడే.

ఇక తేవడం ఎప్పుడన్నది. ఉత్తర్వు ఏప్రిల్, మే నెలల్లో వస్తే వానలు మొదలయ్యేదాకా యూనిట్‌లోనే ఉంచమని రాతపూర్వకంగా అడగండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, 46 డిగ్రీలు, మూడూ ఒకేసారి తొమ్మిదేళ్ల కుక్క మీద పెట్టొద్దు. అప్పటికప్పుడు తేవాల్సివస్తే ఏసీ ఉన్న కారులో, రాత్రి బయల్దేరి తెల్లారేలోపు ఇల్లు చేరేలా, రెండు గంటలకోసారి ఆపి నీళ్లు తాగిస్తూ తీసుకురండి. బయల్దేరే ముందు నాలుగు గంటల నుంచి తిండి పెట్టొద్దు.